దస్తీ వేసిన సీటు

మెదక్ బస్టాండులో బస్సు ఇంకా ఆగకముందే కిటికీలోంచి దస్తీ, అదే చేతిరుమాలు, విసిరితే ఆ సీటు మనది. ఈ సంగతి ఎవరూ ఎవరికీ నేర్పరు. ఫోన్‌లో ఆడుకునే ఆట ఒకటి తయారుచేయడం మొదలుపెట్టినప్పుడు నేను పెట్టుకున్న మొదటి రూలు అదే. దస్తీ వేసినవాడికి బస్సు తప్పిపోయినా సరే, ఆ సీటు నర్సాపూర్ దాకా ఖాళీగానే పోవాలి. జనం పక్కనే నిలబడాలి. ఆ బస్సులో ఒక మేక కూడా ఎక్కుతుంది. హాఫ్ టికెట్ ఇవ్వమని కండక్టరుతో కొట్లాడుతుంది. అంత పొగరుబోతు మేక కూడా దస్తీ ఉన్న సీటు జోలికి పోదు.

మా ఆవిడ బడి నుంచి వచ్చి, కుక్కర్ పెట్టి, ఆ ఆట ఆడేది. మేక నిలబడే చోటికి వచ్చేసరికి కడుపు పట్టుకుని నవ్వేది. రోజంతా పిల్లలకు పాఠాలు చెప్పి గొంతు పోయిన మనిషి అలా నవ్వుతుంటే నాకు అంతే చాలనిపించేది. కానీ చాలదు కదా. హైదరాబాద్‌లో ఫోన్ ఆటలు కొనే కంపెనీ నా ఆట తీసుకోకపోతే ఇదంతా వదిలేసి మా బావ జిరాక్స్ దుకాణంలో చేరతానని ఇంట్లో మాటిచ్చి ఉన్నాను.

కంపెనీలో ఆట చూసిన కుర్రాడు మేక గురించి ఒక్క మాట అనలేదు. ఖాళీ సీటు దగ్గర ఆగిపోయాడు. ఇంతమంది నిలబడితే అది ఖాళీగా ఎందుకుంది, లాజిక్ లేదన్నాడు. దస్తీ ఉంది కదా అన్నాను. తీసి పక్కన పెట్టి కూర్చోవచ్చు కదా అన్నాడు. ఒళ్ళు మండింది. మేక టికెట్ అడిగితే అడ్డురాని లాజిక్కు, మనిషి మర్యాదగా నిలబడితే అడ్డొచ్చింది. కానీ వాదించే ఓపిక ఎక్కడిది? అప్పటికే మార్చి మార్చి విసిగిపోయి ఉన్నాను. సరే, ఆ ఖాళీ సీటు తీసేస్తానన్నాను.

తిరుగు బస్సులో నిలబడడానికే చోటు దొరికింది. నా పక్కనే ఒక సీటు, దాని మీద నీలం గళ్ళ దస్తీ. బస్సు కదిలింది, వేసినవాడు రాలేదు. నర్సాపూర్ అడవి వచ్చేసరికి నా మోకాళ్ళు లాగేస్తున్నాయి. పక్కన నిలబడ్డ పెద్దమనిషి ఆ దస్తీ వైపు జాలిగా చూశాడు.

"ఎవలదో పాపం, చాయ్ తాగనీకె దిగి ఉంటడు" అన్నాడు.

అడవి మధ్యలో, పరుగెత్తుతున్న బస్సులో. నేను కూడా అవునన్నట్టు తలూపాను.

ఇంటికొచ్చి ఈ ముచ్చట మా ఆవిడకు చెప్పాను. నవ్వుతుందనుకుంటే నవ్వలేదు.

"మరి నువ్వన్న కూసోకపోతివా?"

"ఎట్ల కూసుంట? దస్తీ ఉండె గదా."

"అయితె గా సీటు తీసేయకు. గట్లనే పంపు" అంది.

అలాగే పంపాను. వాళ్ళు వద్దన్నారు.

ఇప్పుడు బావ దుకాణంలో పొద్దంతా నిలబడి ఆధార్ కార్డులకు జిరాక్స్ తీస్తున్నాను. సాయంత్రానికి కాళ్ళు నావి కాకుండా పోతాయి. ఇంట్లో ఫ్యాను కింద ఒకే ఒక్క కుర్చీ ఉంది. నేను వెళ్ళేసరికి దాని మీద నా దస్తీ పరిచి ఉంటుంది. ఇంటికొచ్చిన చుట్టాలెవరైనా అందులో కూర్చోబోతే మా ఆవిడ ఊరుకోదట.