ఫ్లెక్సీకెక్కిన పదో తరగతి

2023 జూలై 10, సోమవారం, ఉదయం పదిన్నర. బద్వేలులో పాత వేరుశనగ గోడౌన్‌లో నడిచే ఒక ప్రైవేటు బడిలోకి నేనూ వివేక్ అడుగుపెట్టాం. కడపలో గణాంకాల ఆఫీసు నుంచి రిటైరయ్యాక నేను సర్వే సంస్థలకు ఫీల్డు పని చేసేదాన్ని. అంటే ఇల్లిల్లూ తిరిగి ప్రశ్నలడిగి, జవాబులు సరిచూసి ఇవ్వడం. వివేక్ హైదరాబాదు నుంచి వచ్చిన పరిశోధకుడు. అతని సంస్థ ఒక థింక్ ట్యాంక్. ప్రభుత్వ విధానాలను చదివి, వాటిని ఇలా మార్చండని పుస్తకాలు వేసే చోటన్నమాట. కర్నూలు ఉల్లి అమ్మకాలు, డోన్ లారీల పర్మిట్లు, తోపుడుబండ్ల లైసెన్సులు అయిపోయి ఆ ఏడాది బడుల వంతు వచ్చింది. ఏ రంగమైనా వాళ్ల మాట ఒక్కటే: సర్కారు అడ్డు తొలగితే జనమే దారి చూసుకుంటారు.

"ఆటస్థలం ఎక్కడండీ?" అని వివేక్, బడి నడిపే లక్ష్మీదేవి టీచర్‌ను అడిగాడు.

"యాడుండాది సార్! ఎదురుగా రోడ్డే మా గ్రౌండు. లారీ వస్తే అవుట్, రాకుంటే నాటౌట్."

పిల్లలు గొల్లున నవ్వారు.

హైస్కూలుకు కావలసినంత ఆటస్థలం లేదు కాబట్టి ఆ బడికి ఏడో తరగతి దాకానే రికగ్నిషన్, అంటే విద్యాశాఖ అనుమతి. అయినా పదో తరగతి దాకా అక్కడే చెప్పేవారు. పై తరగతుల పిల్లల పేర్లు మాత్రం ఊళ్లో అనుమతి ఉన్న మరో బడి హాజరుపట్టీలో ఉండేవి. పరీక్ష ఆ బడి పేరు మీద రాసేవారు. ఈ పద్ధతి తల్లిదండ్రులకు తెలుసు, విద్యాశాఖ ఆఫీసుకూ తెలుసు. ఎవరూ పైకి అనరు.

వివేక్ ముఖం వెలిగిపోయింది. తను వెతుకుతున్నది దొరికిందన్నట్టు పదో తరగతి గదిలోకి వెళ్లి, ముందు బల్ల మీద ఉన్న గౌసియాను పలకరించాడు. ఆ పిల్ల తండ్రిది పంక్చర్ల షాపు.

"సర్కారు బడికి ఎందుకు పోలేదమ్మా?"

"ఆడ లెక్కల సారు లేడు. మా టీచరమ్మ రెండుసార్లు అడిగినా తిట్టదు సార్. మూడోసారి తిడతాది," అంది గౌసియా. "పాలిటెక్నిక్ సీటు కొట్టాల నేను. మా అబ్బా పాత టైర్లకు ప్యాచీలేస్తాండాడు. నేను ఇంజన్లే ఇప్పుతా."

మా పనిలో ఒక కట్టుబాటుంది. కేస్ స్టడీ, అంటే ఒకరి కథను ఉదాహరణగా రాసేటప్పుడు, పేర్లు మారుస్తాం. ఆ మాటే చెబితే టీచర్ ఒప్పుకోలేదు.

"పేరు మారిస్తే నాకేం లాభం పెద్దమ్మా? బస్సులుండే స్కూలోళ్లు నా పిల్లోళ్లను ఎత్తుకపోతాండారు. పుస్తకంలో పడితే నలుగురికి సూపించుకుంటా."

"పదో తరగతి సంగతి కూడా పడుతుంది కదమ్మా."

"పడనీ. అందరూ చేస్తాండేదే కదా. మీరు శానా భయస్తులు!"

వివేక్ ఆమె చేత అంగీకార పత్రం మీద సంతకం చేయించుకున్నాడు.

అక్టోబరులో పుస్తకం వచ్చింది. రెండు పేజీలు ఆ బడివే. బోర్డు కింద టీచర్ ఫోటో, పక్కన పదో తరగతి నడిపే తీరు మీద మెచ్చుకోలు. ఇంగ్లీషు పుస్తకం, ఏ బీరువాలోనో చేరి ఊరుకునేది. కానీ మన దగ్గర ఏ గొప్పయినా ఫ్లెక్సీ కడితే గాని పూర్తి కాదు. టీచర్ ఆ రెండు పేజీలనూ పెద్దవి చేయించి, చుట్టూ పూల అంచు వేయించి, నాలుగు రోడ్ల కూడలిలో కట్టించింది.

ఎవరో దాన్ని ఫోటో తీసి పై ఆఫీసుకు పంపారు. పైనుంచి అడిగాక కింది ఆఫీసుకు చూడనట్టు ఉండటం కుదరలేదు. తనిఖీ జరిగింది, ఏడో తరగతి దాకా ఉన్న అనుమతీ రద్దయింది. హాజరుపట్టీలో పేర్లున్న ఆ రెండో బడివాళ్లు భయపడి, ఈ పిల్లలు మా గడప తొక్కలేదని పేర్లు కొట్టేశారు. అది పరీక్ష ఫీజు కట్టే వారం.

నేను వెళ్లేసరికి గోడౌన్‌కు తాళం వేసి ఉంది. టీచర్ మెట్ల మీద కూర్చుని ఉంది.

"పొగిడినారే గాని, ఒక్క చెడ్డ మాట రాయలేదు కదా పెద్దమ్మా," అంది.

పక్కన నిలబడ్డ గౌసియా, "ఆ సార్‌కు ఫోన్ చెయ్యవ్వా. పుస్తకంలో నా మాటలు కూడా ఉండాయి. ఆయప్ప చెప్తే ఇంటారు," అంది.

చేశాను. వివేక్ నిజంగానే బాధపడ్డాడు. "అందుకే మేడం, ఆ ఆటస్థలం రూలే తీసేయమంటున్నాం. ఈ సంగతి రెండో ముద్రణలో చేరుస్తాను," అన్నాడు.

"ఫీజు గడువు శుక్రవారం. ఆలోగా వస్తుందా బాబూ?"

రూలు గురించి అతను చెప్పింది తప్పని నేననను. లెక్కలు నేర్పడానికి మైదానం అక్కర్లేదు.

"ఏమన్నాడవ్వా?" అంది గౌసియా.

"రాస్తానన్నాడు," అన్నాను.

ఎవరూ నోరెత్తకపోవడం వల్లనే నడిచే పనులు కొన్నుంటాయి. వాటిని అచ్చులో మెచ్చుకున్నా పట్టిచ్చినట్టే. ఆ తర్వాత ఎవరు బతిమాలినా నేను పేరు వేయనివ్వలేదు.

పోయినవి ఇవి. ఒక బడి. ముగ్గురు టీచర్ల పని. పదో తరగతిలో ఇరవై ఒక్క మంది. కాగితాలు సరిగా ఉన్న పన్నెండు మందిని సర్కారు హైస్కూలు చేర్చుకుని పరీక్ష రాయించింది. తొమ్మిది మందికి ఏడాది పోయింది. వారిలో ఐదుగురు మరుసటి ఏడు రాశారు. నలుగురు మళ్లీ పుస్తకం పట్టలేదు. ఆ నలుగురిలో గౌసియా ఒకతి.