మూకీ గుర్రానికి నేనేసిన ఈల

ఒక్క ఈలతో పామర్‌స్టన్ నార్త్ అనే ఈ పరదేశపు ఊళ్లో రెండు వందల మందిని ఒక మూలకు తోలిన మనిషిని నేను. ఆ ఘోరం ఎలా జరిగిందో చెబుతాను. మీరు నవ్వుకోండి, పర్లేదు. మా అమ్మాయి మాత్రం నవ్వలేదు.

మూడేళ్ల కిందటి మాట. మా స్వప్న ఇక్కడి ఒక రెస్ట్ హోమ్‌లో టెంపరరీగా పనిచేస్తోంది. అక్కడి ముసలివాళ్లకు కాలక్షేపం ఏర్పాటు చేసే ఉద్యోగం పర్మనెంటుగా ఇవ్వాలా వద్దా అన్నది ఒక మధ్యాహ్నం స్వప్న పెట్టే కార్యక్రమం చూసి మేనేజరమ్మ తేల్చాలి. అందుకోసం స్వప్న, సినిమా పుట్టిన కొత్తల్లో తీసిన మూకీ ముక్కలు ఏరి తెచ్చింది. కుస్తీ పట్టే పిల్లులు, గింజలు తినే కోళ్లు, స్నానం చేసే ఏనుగు, చివర్లో గుర్రం. చూడ్డానికి నేనూ వెళ్లాను.

"డాడీ, నువ్వు జర సైలెంట్‌గా కూసో. అంతే చాలు," అంది.

"నేనేమన్న చిన్నపిలగాన్నా బిడ్డా?"

కూర్చున్నాను. కానీ చప్పుడు లేని సినిమా చూడడమంటే, నోటికి ప్లాస్టరు వేసి పెళ్లి పంక్తిలో కూర్చోబెట్టినట్టే. పిల్లులప్పుడు కాళ్లు ఊపాను. కోళ్లప్పుడు కుర్చీ మారాను. ఏనుగప్పుడు లేచి కిటికీ దాకా వెళ్లొచ్చాను. ఇంతలో గుర్రం దూసుకొచ్చింది. వరంగల్ టాకీసుల్లో నేల టికెట్టు మీద పెరిగినవాణ్ణి, ఎలా ఊరుకుంటాను? రెండు వేళ్లు నాలుక కింద పెట్టి ఒక్క ఈల వేశాను.

ముందు వరుసలో రాన్ అనే పెద్దాయన కాళ్ల దగ్గర ఆయన నల్లకుక్క పడుకుని ఉంది. పదేళ్లు గొర్రెల్ని తోలి రిటైరైన కుక్క. ఈల వినగానే లేచింది. గొర్రెలు లేకపోతేనేం, మనుషులున్నారుగా. ఒళ్లు వంచి, చూపు గుచ్చి, వాకర్లనీ వీల్‌చైర్లనీ మూలకు తోలడం మొదలుపెట్టింది. చేతిలో ఫైలుతో మేనేజరమ్మ కూడా వెనక్కి వెనక్కి నడిచి మందలో కలిసింది.

"డాడీ, ఏం జేసినవ్?"

"ఆగు, నేనే ఆపుత," అని ఇంకో ఈల వేశాను. కుక్క వేగం రెట్టింపయింది.

రాన్ తాపీగా ఇంగ్లిషులో వివరించాడు: "మొదటి ఈలకు చుట్టుముట్టమని అర్థం. రెండోదానికి తొందరగా కానిమ్మని."

ఇక్కడ ఒక నిజం ఒప్పుకోవాలి. రెండు వందల మంది లేరు. పద్దెనిమిది మంది. అందులో నేనూ ఒకణ్ణి, ఆ మూలలోనే.

ఎలాగో కుక్క ఆగింది. గది దాటి బయటికి రాని ముసలమ్మలు కూడా ఆ రోజు దగ్గొచ్చేదాకా నవ్వారు. వారం తిరక్కుండా ఉద్యోగం స్వప్నకే వచ్చింది. అదంతా నా ఈల మహిమే. అయినా సరే, ఇకమీదట తెర మీద ఐరావతమే పరుగెత్తుకొచ్చినా నా రెండు వేళ్లూ జేబు దాటవని సభాముఖంగా ప్రమాణం చేస్తున్నాను.

ఇంతవరకూ రాసి స్వప్నకు చదివి వినిపించాను.

"జాబ్ నీ ఈలకు రాలే డాడీ. రాన్‌కు రోజూ లంచ్ తినిపించుకుంట, 'దట్ విల్ డూ' అంటే ఆ కుక్క ఆగుతదని నేర్చుకున్న. ఆపింది నేను. నువ్వప్పుడు మేనేజర్ ఎనక దాక్కున్నవ్."