సత్యనారాయణమ్మ కారద్దాలు

జగ్గయ్యపేటలో బట్టల కొట్టు నడిపే సత్యనారాయణమ్మ యాభయ్యో ఏట కారు కొనుక్కుంది. ఎండ తగిలితే నల్లబడి, నీడకు వస్తే తేటపడే అద్దాలు దానికి పెట్టించింది. వారం తిరక్కుండానే ఆమెకు కష్టం తెలిసొచ్చింది. పగలంతా ఊరు తిరిగినా, కారులో ఉన్నది తనేనని ఒక్కరికీ తెలియడం లేదు.

ఓ మిట్టమధ్యాహ్నం నందిగామ బస్టాండు దగ్గర ఆడపడుచు పుష్పవతి కనబడింది. ఆమె చూస్తే చాలు, చుట్టాలందరూ చూసినట్టే. సత్యనారాయణమ్మ భర్త తిరుపతిరావు చేత కారు అటు తోలించింది. పుష్పవతి పట్టించుకోలేదు. మళ్లీ తిప్పించింది. మూడోసారికి పుష్పవతి హడలిపోయి ట్రాఫిక్ కానిస్టేబుల్‌ని పిలిచింది.

“బాబూ, ఈ నల్లకారు నా చుట్టూనే తిరుగుతోంది!”

కానిస్టేబుల్ కారు ఆపి అద్దం మీద కొట్టాడు. “అద్దం దించండి.”

“దించితే అద్దం గొప్పేం తెలుస్తుందండీ? కాస్త నీడ పట్టండి, చూపిస్తా,” అంది సత్యనారాయణమ్మ లోపల్నుంచి.

తిరుపతిరావు తల పట్టుకున్నాడు. కానిస్టేబుల్ ఏమనుకున్నాడో, పుష్పవతి గొడుగు తీసుకుని అద్దానికి అడ్డం పట్టాడు. బస్సు కోసం నిలబడ్డవాళ్లంతా మూగారు. నలుపు మెల్లగా విరిగింది. ముందు కాసులపేరు కనబడింది, తర్వాత ముక్కుపుడక, ఆఖరికి చెవుల దాకా సాగిన నవ్వు.

“ఓసి సత్యం, నువ్వటే!” అంది పుష్పవతి గుండెల మీద చెయ్యేసుకుని.

“నేనే వదినా. కారు మనదే.”

కానిస్టేబుల్ గొడుగు ముడవబోయాడు.

“ఉండండి బాబూ,” అంది సత్యనారాయణమ్మ. “వెనకాల వాళ్లింకా చూళ్లేదు.”