పైడితల్లినాయుడి గేటు

ఘాటురోడ్డు గేటు దగ్గర కూర్చున్న పైడితల్లినాయుడికి లోకంలో ఎవరి ప్రయాణమూ అవసరమైనదిగా కనిపించేది కాదు. అరకు లోయలో పాత బజారును కూలదోసి కొత్త వీధులు వేస్తున్న ఆ యాభైల తొలినాళ్ళలో సిమెంటు లారీలూ, ఆఫీసు జీపులూ, వర్తకుల సరుకులూ అన్నీ ఒకే ఇరుకుదారిన ఎగబాకేవి. ఎక్కే బళ్ళను కాసేపు, దిగే బళ్ళను కాసేపు వదలమని సర్కారు ఆయనకొక వెదురు అడ్డుగడనూ, ఖాకీ కోటునూ ఇచ్చింది. ప్రతివాణ్ణీ ఆపి సంజాయిషీ అడిగే అధికారాన్ని మాత్రం ఆయనే పుచ్చుకున్నాడు.

"ఏటి పనిమీద ఎల్తన్నావు?"

"మా బావమరిదికి పెళ్ళిచూపులు, నాయుడుగోరూ."

"గుంటని సూడాల్సినోడు ఆడు గదా? నువ్వెల్లి ఏటి సేత్తావు? దిగు!"

దిగిన పెద్దమనిషి చోట్లో పురిటికి వెళుతున్న ఇల్లాలు కూర్చునేది. ఒకనాడు ఒంటరిగా వచ్చిన ఇంజనీరు జీపులో ఇద్దరు మేస్త్రీలనూ ఒక మేకనూ ఎక్కించి, "కాళీ జీపు రోడ్డుకి దండగ బాబూ" అని నచ్చజెప్పాడు. ఇంజనీరు జవాబు వెదుక్కునేలోగా మేక ఆయన టోపీ అంచును రుచి చూసింది.

అందరికన్నా ఎక్కువగా ఆయన చేతికి చిక్కినది అప్పలనర్సమ్మ. విజయనగరం నుంచి ఉప్పూ ఎండుచేపలూ తెచ్చి, కొండ పసుపు కొనుక్కుపోయే వర్తకురాలు. ఆమె లారీకి హారను లేదు. ఆమె ఉండగా అక్కరలేదు. మామూలు రోజుల్లో ఆమెను రెండు ప్రశ్నలతో వదిలే నాయుడు, సంతనాడు మాత్రం పురాణ కాలక్షేపం పెట్టేవాడు.

"ఉప్పెందుకు? పోయినోరం తెచ్చావు గదా?"

"పోయినోరం తిన్నోళ్ళు ఈ వోరం తినరేటి?"

"తింతారు. మరి ఎండుసేపలెందుకు? ఆటిలోనూ ఉప్పే గదా?"

"ఓరి నీ గేటు కూలా! ఒదులు నాయుడూ!"

చివరికామె విశాఖపట్నంలో అర్జీ రాయించి, రోడ్ల అధికారినే వెంటబెట్టుకొచ్చింది. ఫిర్యాదు రుజువైతే నాయుడి ఉద్యోగం ఊడుతుంది. సంతనాడు పొద్దున్నే అధికారి ఆమె లారీ ముందుసీట్లో దర్జాగా వచ్చాడు. నాయుడు అడ్డుగడ ఎత్తలేదు.

"తమరి పనేటి బాబూ?"

"నీ పని తీయించడమే నా పని!"

"ఆ పని ఇక్కడే అయిపోద్ది గదా బాబూ. మరి పైకెందుకు?"

అధికారి జేబులోంచి అర్జీ కాగితం తీశాడు. విసిగిన అప్పలనర్సమ్మ లారీ దిగింది. ఆ పక్కనుంచే బుట్టలతో, కావళ్ళతో కొండజనం బారుగా సాగిపోతున్నారు. వాళ్ళను నాయుడు ఒక్క ప్రశ్నా అడగడం లేదు. పసుపు కావడితో వెనకబడి వచ్చిన గాసి అనే ముసలివాడు ఆగి, "నాయుడూ, ఆకరోణ్ణి నానే. నాను మలుపు దాటగానే లారీలొదిలెయ్" అన్నాడు.

"ఆకరోడివేటి?" అంది అప్పలనర్సమ్మ.

గాసి బోసినోటితో నవ్వాడు. "లారీ ముందొత్తే మీ మనుసులు దూకి బుట్టలు దింపించేత్తారు గదమ్మా. సేతిలో ఏటి ఎడితే అదే ధర. మలుపు దాటితే మాకు కాలిబాటుంది. సంతకెల్తే నలుగురడుగుతారు."

లారీమీది కూలీలు ఆకాశంలో మబ్బులు పరీక్షించసాగారు. రోడ్డు కొండప్రజల సౌకర్యార్థమని ప్రభుత్వోత్తర్వు ఘోషించింది. ఆ సౌకర్యంలో దుమ్ము మాత్రమే వారి వాటాకు వచ్చింది. వారి తరఫున ఆ ఉత్తర్వును అమలు జరిపినవాడు లోయ మొత్తానికి ఈ ఒక్క మొండివాడే.

"నిజమేనా?" అన్నాడు అధికారి.

"బళ్ళెక్కువైపోనాయి బాబూ... కూసింత తగ్గిద్దారని..." నాయుడు కోటు గుండీలు లెక్కపెట్టుకున్నాడు.

అధికారి అప్పలనర్సమ్మ వైపు తిరిగాడు. "అర్జీ మీది. ఏం చేయమంటారు? తీసేయమంటారా?"

ఆమె నాయుణ్ణి ఎగాదిగా చూసింది. "తీసేత్తే ఇంకోడొత్తాడు బాబూ. ఆడు లంచం మెక్కి మా పోటీవోళ్ళ లారీ ముందొదిల్తే? ఈడైతే అందర్నీ ఒక్కలాగే సంపుతాడు. ఉండనియ్యండి!"

అని, చీర చెంగు బిగించి, లారీని అక్కడే వదిలేసి, గాసి వెనకాలే నడక సాగించింది.

"గాసీ, పసుపెలా ఇత్తావు?"

"సంతలో సెప్తానమ్మా."

"మాటవరసకి?"

"సంతలోనే."

కాలిబాట నిట్టనిలువుగా లేచినచోట ఆమె ఆయాసపడి రాతిమీద కూలబడింది. గాసి కావడి దింపి, సొరకాయబుర్రలోని నీళ్ళు ఆమెకిచ్చి, తీరిగ్గా ఎదురుగా కూర్చున్నాడు. ధర మాత్రం చెప్పలేదు.