చేతిలోంచి తీసుకోండి

కొట్టుకి వెళ్ళి సరుకు కొనడం కూడా ఒక కథేనా అంటారు. మీకు కాదు లెండి. పెద్దాపురం దగ్గర మా ఊళ్ళో, మాలపల్లెలో పుట్టినవాడికి అది కథే. డబ్బు కొట్టు ముందు నేల మీద పెట్టి, వెనక్కి జరిగి, కండువా పరిచి నిలబడాలి. షావుకారు ఆ డబ్బు మీద నీళ్ళు చిలకరించి తీసుకుంటాడు, సరుకు కండువాలోకి విసురుతాడు. నాకు ఊహ తెలిసిన దగ్గర్నుంచి అంతే. బాప్తిస్మం పుచ్చుకున్నాకా అంతే.

కాకినాడ రేవులో వర్తకం చేసే ఒక దొర దగ్గర వంటవాడిగా కుదిరాను. ఆ దొర వ్యాపారం మీద జపాను వెళుతూ నన్నూ ఓడెక్కించాడు. కోబే అనే రేవుపట్నంలో దిగిన మర్నాడే దొరసాని కోడిగుడ్లు తెమ్మని పంపింది.

కొట్టులో ఒక ముసలావిడ చాప మీద కూర్చుని ఉంది. నన్ను చూడగానే తల నేలకి ఆనేంతగా వంగింది. నా వెనకాల ఎవరో పెద్దమనిషి ఉన్నాడనుకుని పక్కకి తప్పుకున్నాను. ఎవరూ లేరు. బుట్టలో గుడ్లు చూపించి, డబ్బు గుమ్మం ముందు పెట్టి, వెనక్కి జరిగి కండువా పరిచాను. గుడ్లు విసిరితే ఏమవుతాయన్న బుద్ధి కూడా లేదు నాకు!

ఆవిడ గబగబా చెప్పులేసుకుని దిగి, ఆ డబ్బు ఏరి, గుడ్డతో తుడిచి తెచ్చి నాకే ఇచ్చింది. జారి పడిందనుకుంది పాపం. నేను మళ్ళీ నేల మీద పెట్టాను. మళ్ళీ తెచ్చి ఇచ్చింది. వీధిలో పిల్లలు పోగై నవ్వుతున్నారు. నాకు ఒళ్ళు మండిపోయింది. ఓరి దేవుడా, సముద్రాలు దాటి వస్తే నా కులం నాకంటే ముందే వచ్చి ఇక్కడ కూర్చుందా అనుకున్నాను.

“డబ్బులిస్తుంటే అమ్మవేంటమ్మా? నా డబ్బుకీ మైలేనా?” అని తెలుగులోనే అరిచాను.

ఆవిడకేం అర్థమవుతుంది? నా మణికట్టు పట్టుకుని, అరచెయ్యి విప్పి, అందులో ఉన్న డబ్బు తన వేళ్ళతో తీసుకుంది. గుడ్లు గడ్డిలో చుట్టి, రెండు చేతులా నా చేతుల్లో పెట్టింది.

సంతోషం కలగలేదు నాకు. కోపం వచ్చింది. ఇంత తేలికైన పనా ఇది? ఒక మనిషి చేతిలోంచి ఇంకో మనిషి డబ్బు తీసుకోవడం, ఇంతేనా? దీనికా మా తాతముత్తాతలు వంగి వంగి చచ్చింది? దారి పొడుగునా మా ఊరి షావుకారిని తిట్టుకుంటూనే నడిచాను. కోబే వాళ్ళు దేవతలేం కాదు. నా రంగు చూసి నవ్వారు. ఒకడు కుళ్ళిన చేప అంటగట్టాడు. అదైనా చేతికే ఇచ్చాడు.

జపాను నుంచి తిరిగి మా ఊరొచ్చిన రోజే ఇదంతా అమ్మకి చెప్పాను. కొన్నాళ్ళకి అమ్మ అగ్గిపెట్టె తెమ్మంది. ఊళ్ళో ఉన్నది ఆ ఒక్క కొట్టే. అక్కడున్నవన్నీ జపాను అగ్గిపెట్టెలే! డబ్బు అరచేతిలో పెట్టుకుని షావుకారు వైపు చెయ్యి చాపాను.

“ఏంట్రా అది? కింద పెట్టు,” అన్నాడు.

“చేతిలోంచి తీసుకోండి బాబూ.”

“ఓడెక్కేసరికి కళ్ళు నెత్తికెక్కాయా?”

“ఈ అగ్గిపెట్టె చేసిన చెయ్యి ఏ కులమో అడిగే తెప్పించారాండి? ఆ దేశపు చేతులు నన్ను ముట్టుకున్నాయండి. మరి ఈ పెట్టెకి మైల లేదాండి?”

షావుకారు పెట్టె లోపల పడేశాడు. “మీ ఇంటికి ఇక ఉప్పురాయి కూడా పుట్టదు, పో. మీ అమ్మ ఎక్కడ కొంటుందో నేనూ చూస్తాను.”

నేను చెయ్యి దించలేదు. ఎవరు చెప్పారో, అమ్మ పరుగెత్తుకొచ్చింది. నా చేతిలో డబ్బు లాక్కుని నేల మీద పెట్టి, “కుర్రోడు బాబయ్యా, తెలీక వాగేడండి. తమరు మనసులో పెట్టుకోకండి,” అని వంగిపోయింది. అగ్గిపెట్టె వచ్చి ఆవిడ కొంగులో పడింది.

దారిలో అమ్మ మీద విరుచుకుపడ్డాను. “నిన్ను వంగమని ఎవడన్నాడే? ఇంకాసేపు నిలబడితే తీసుకునేవాడు!”

“తీసుకోడురా,” అంది అమ్మ. నా కుడిచెయ్యి పట్టుకుని చూసింది. “ఆ గుడ్లమ్మినావిడ పట్టుకుంది ఈ చెయ్యేనా? మరి దీన్ని మళ్ళీ నేలకి దించకు, నాయనా. ఇక మీదట కొట్టుకి నేనే వెళ్తాను.”

పోయేదాకా ఆవిడే వెళ్ళింది.