ఉట్నూరాయన ముఖం

నిన్న మా ఊరి కమాన్ దగ్గర సిగ్నల్ పడి ఆగితే, నా ముందున్న కారు వెనకద్దం మీద నేను గీసిన బొమ్మ స్టిక్కరై కనిపించింది. జీపు బొమ్మ. ఎండిన బురద, వంగిన ముందు బంపరు, అన్నీ నేను పెట్టినవే. కింద మా గ్రూపు పేరు బంగారు రంగులో ఉంది. ఎవరి కోసం గీశానో ఆ మనిషి పేరు మాత్రం లేదు. ఒళ్లు మండింది. ఇంటికొచ్చి చాయ్ తాగినా ఆ మంట చల్లారలేదు, అందుకే ఇది రాస్తున్నాను.

నేను కరీంనగర్‌లో బోర్డులు రాసి బతికినవాణ్ణి. ఫ్లెక్సీలొచ్చి కుంచెకు పని లేకుండా చేశాక, పొద్దుపోక ఫోన్లో పాత జీపుల గ్రూపులో చేరాను. నాకు జీపు లేదు. మా బాపుకు ఒకప్పుడుండేది, ఆ అర్హత చాలన్నారు. ఆ గ్రూపులో శుభోదయాలూ పువ్వులూ ఉండవు. కార్బురేటర్లు, స్ప్రింగు పట్టీలు, ఇంజన్ల ఫొటోలు. కన్నపిల్లలకు కూడా అంత ముద్దుగా ఫొటోలు తీసి ఉండరు. అక్కడ పరిచయమైనవాడే ఉట్నూరాయన. రోజూ పొద్దున్నే ఫోన్ చేసేవాడు. "అన్నా, తిన్నవా? మా దిక్కు వాన దంచుతుంది, జర జీపు సప్పుడు ఇను" అని ఫోను తీసుకెళ్లి ఇంజను దగ్గర పెట్టేవాడు. ఆ చప్పుళ్లలో తేడాలు నాకేం తెలుసు? "మస్తుగుంది తమ్మీ" అనేవాణ్ణి. "గా జీపుకు నువ్వేమన్న మేనమామవా?" అని మా ఇంటామె ఎగతాళి చేసేది. ఎప్పుడైనా వీడియో కాల్ చేసినా కెమెరా జీపు వైపే తిప్పేవాడు. కలుద్దాం, కలుద్దాం అనుకుంటూనే ఏళ్లు గడిపాం.

ఒకనాడు గుండె ఆగి పోయాడు. గ్రూపంతా చేతులు జోడించిన బొమ్మలతో నిండిపోయింది. మా గ్రూపు పెద్ద భైంసాలో పత్తి వ్యాపారి, అందరం సేటు అంటాం. "అన్నా, నువ్వు పెయింటర్‌వు. దినాలకు పెద్ద బొమ్మ గీసి తీస్కపోదం, ఫ్లెక్సీ గిక్సీ వద్దు" అన్నాడు. నాకు సంతోషమైంది. తీరా కుంచె పట్టుకుని కూర్చుంటే, ఆయన ముఖం నాకు తెలియదు! గ్రూపులో ఎవరి పేరు పక్కన చూసినా జీపే. ఆయన పెట్టిన ఫొటోల్లో ఎక్కడా ఆయన లేడు, తీసేది ఆయనే కదా. సేటును అడిగితే, "మొఖం ఎవలు సూసిండ్రన్నా? జీపు అచ్చం రావాలె, మిగితాది ఫికర్ జెయ్యకు" అన్నాడు. జీపైతే కళ్లు మూసుకుని గీయగలను. గీశాను. డ్రైవరు సీటు మీద ఒక తువ్వాల వేసి ఊరుకున్నాను. గ్రూపులో పెడితే పొగడ్తలే పొగడ్తలు. నేనూ పొంగిపోయాను, సిగ్గులేకుండా.

దినాల రోజు గ్రూపువాళ్లతో కలిసి ఉట్నూరు పోయి, పటం విప్పి ఆయన భార్య చేతికిచ్చాను. ఆమె కొంగుతో అద్దం తుడిచింది, బొమ్మంతా వెతికింది. "అన్నా, గిండ్ల ఆయనేడి?" అంది. సీటు మీది తువ్వాల చూపించాను. "ఛాతిల నొప్పి లేసిన్నాడు గీ జీపు వాకిట్లనే ఉండె. ఎన్నడు ఎవ్వల్ని ముట్టనియ్యకపాయె. తోలెటోళ్లు లేక గట్లనే సూస్కుంట కూసున్నం. దీన్ని గోడకు పెట్టుకోమంటవా అన్నా?" అంది. ఏడవలేదు, అరవలేదు. అరిచినా బాగుండేది. వాకిట్లోకి చూస్తే మా గ్రూపువాళ్లు జీపు బానెట్ ఎత్తి లోపలికి వంగి ఉన్నారు. సేటు చేతులు తుడుచుకుంటూ వచ్చి, "అమ్మా, బండి అమ్ముడు గిట్ల ఉంటె ముందుగాల్ల మాకే చెప్పాలె" అన్నాడు. ఇంకా విస్తళ్లు కూడా వేయలేదు. శవం మీద పేలాలు ఏరుకునేవాళ్లని వినడమే గానీ, వాళ్లతో ఒకే బండిలో కూర్చుని వచ్చానని అప్పుడే తెలిసింది. "సేటూ, జర సిగ్గుండాలె" అన్నాను. "నేనేమన్ననే?" అని ఆయన మళ్లీ జీపు దగ్గరికే పోయాడు.

ఫొటోలేమైనా ఉన్నాయా చెల్లే అని అడిగాను. ఆయన ఫోనుకు తాళం, తీయడం ఎవరికీ రాదు. పెళ్లి ఫొటోలో మీసం కూడా సరిగా రాని పిల్లగాడు. ఇక మిగిలింది ఆధార్ కార్డు. అందులో ఎవరు మాత్రం మనిషిలా ఉంటారు! దాన్నే ముందు పెట్టుకుని, నేను తెచ్చిన పటం వెనక అట్ట మీద పెన్సిలుతో మొదలుపెట్టాను. ముక్కెట్లా ఉండేది, నవ్వితే ఎట్లా ఉండేవాడని అడుగుతుంటే ఆమె చెబుతూ చెబుతూ తడబడింది. "ఏమో అన్నా, ఎప్పుడు సూసినా జీపు కిందికెళ్లి కాళ్లే కనవడుతుండె" అంది. వాళ్ల అత్త దవడ సన్నం చెయ్యమంది, కళ్లు పెద్దవి చెయ్యమంది. చేశాను, చెరిపాను, మళ్లీ చేశాను. చివరికి ఆయన భార్య చాలాసేపు చూసి, "అచ్చం గాదు. గని ఉండనియ్యి" అని, జీపు బొమ్మను గోడ వైపు తిప్పి తగిలించింది. ఆ ముఖం ఆయనది కాదని ఆమెకూ తెలుసు, నాకూ తెలుసు. అయినా ఇప్పుడు ఆయన్ని తలచుకుంటే నాకు ఆ ముఖమే వస్తోంది. ఇంకొన్నేళ్లకు ఆమెకూ అదే వస్తుంది. పోయినవాణ్ణి కాలం మరిపిస్తే ఓర్చుకోవచ్చు. ఇంకెవరినో చూపించి ఇతనే అతనని నమ్మిస్తుందే, అదే నాకు మింగుడు పడడం లేదు.