బయటి గూట్లో గ్లాసు

మొన్న నందిగామలో ప్రసాదు ఇంట్లో మా పదో తరగతి వాళ్లం కలిశాం. అల్లం టీ వాసనకి అందరికీ బస్టాండు పక్కన ప్రసాదు వాళ్ల నాన్న నడిపిన హోటలు గుర్తొచ్చింది.

"ఆ పెసరట్టు ఇంకెక్కడా దొరకదురా," అన్నాడు జగ్గయ్యపేట నుంచి వచ్చిన మూర్తి.

నాకు గ్లాసు గుర్తొచ్చింది. హోటలు బయట, గోడ గూట్లో ఒక సత్తు గ్లాసు విడిగా ఉండేది. నాకెప్పుడూ అందులోనే టీ పోసేవారు. క్లాసులో ఫస్టు వస్తానని నాకోసం దాచారనుకున్నాను. నాది కాబట్టి నేనే కడిగి బోర్లించేవాణ్ణి. గల్లా పక్కన కూర్చుని ప్రసాదు చూసేవాడు.

ఒకరోజు నాన్నని గొప్పగా వెంట తీసుకెళ్లాను. ఆయనకీ ఆ గ్లాసులోనే పోశారు. తాగి, కడిగి, గూట్లో పెట్టాడు.

"ఇది మన గూడెం వాళ్లందరికీరా. మనం తాగింది వాళ్లు ముట్టుకోరు," అన్నాడు.

మళ్లీ ఆ హోటలుకి వెళ్లలేదు. మర్చిపోనూ లేదు.

"ఏరా, నువ్వేం మాట్లాడవు?" అన్నాడు ప్రసాదు.

టీ తాగేసి ఖాళీ గ్లాసు అతని చేతికిచ్చాను.

"కడుగు. మీ హోటల్లో నా గ్లాసు నేనే కడిగేవాణ్ణిగా."

మూర్తి నవ్వబోయి ఆగిపోయాడు.

"పనమ్మాయి ఉందిరా..." అన్నాడు ప్రసాదు.

"నువ్వే కడుగు."

అతను వంటింట్లోకి వెళ్లాడు. నేనూ వెనకే వెళ్లాను. కడిగి, తుడిచి, ఎక్కడ పెట్టాలో తెలియనట్టు నిలబడ్డాడు.

"మీ గ్లాసుల మధ్య పెట్టు," అన్నాను.

పెట్టేదాకా నేను అక్కణ్ణించి కదల్లేదు.